గోరు నగా, పనిముట్టా?

"గోళ్ళు నగలు, పనిముట్లు కావు." మేనిక్యూర్ వృత్తిలో బాగా ప్రచారంలో ఉన్న మాట ఇది. ఇంగ్లీషులో ప్రాస కూడా కుదిరింది కాబట్టి సామెతలా నిలిచిపోయింది. నెయిల్ పాలిష్ ఎక్కువ రోజులు నిలవాలంటే ఏం చెయ్యాలో చెప్పే రచన ఏది తీసుకున్నా, సీసాతో పాటు ఇచ్చే చిన్న కాగితం కానివ్వండి, స్త్రీల పత్రికల్లో సౌందర్యపోషణ శీర్షిక కానివ్వండి, ఈ మాటో దీని అర్థం వచ్చే మరో మాటో తగులుతుంది. డబ్బా మూత గోటితో తియ్యకండి, అంటించిన చీటీ గోటితో గీకకండి, ముడి గోటితో విప్పకండి. పైకి చిన్న జాగ్రత్తలే. కానీ శరీరంలో ఒక భాగం నగ అవుతుందా, పనిముట్టు అవుతుందా అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. ఎవరి గోరు నగ, ఎవరి గోరు పనిముట్టు అని అడిగీ అడగ్గానే మనం ఇంటిచాకిరీ దగ్గరికీ, వర్గం దగ్గరికీ, కులం దగ్గరికీ వచ్చేస్తాం.

నేను డాక్టరేట్ చేసింది ప్రబంధాల్లోని స్త్రీ అంగవర్ణనల మీద. కురుల దగ్గర మొదలుపెట్టి కాలిగోళ్ళ దాకా కవి చూపు ఎలా దిగుతుందో ఏళ్ళ తరబడి చూసిన అలవాటు వల్లనేమో, కొన్ని నెలలుగా ఈ సలహాల సాహిత్యాన్ని కూడా ఒక టెక్స్ట్‌గా చదువుతున్నాను. అందులోనూ హోలోగ్రాఫిక్ నెయిల్ పాలిష్ గురించి రాసినవి. ఎండలో ఏడు రంగులూ చిమ్మే ఈ పాలిష్‌కి తొందరగా పెచ్చులూడుతుందన్న పేరు మొదటినుంచీ ఉంది. అందుకని దీని గురించిన సలహాల్లో ఇలా చెయ్యి, అలా చెయ్యకు అన్న ఆజ్ఞలు మరీ ఎక్కువ. చదవడంతో ఆగకుండా, చెప్పినవన్నీ నా చేతుల మీద చేసి చూశాను. వంటల పుస్తకాన్ని వండకుండా సమీక్షించలేం కదా.

ముందు ఈ వస్తువేమిటో చూద్దాం. పేరు హోలోగ్రాఫిక్ అయినా ఇందులో హోలోగ్రామ్ లేదు. డెనిస్ గాబర్ 1947లో కనిపెట్టి, 1971లో నోబెల్ బహుమతి అందుకున్న హోలోగ్రఫీ వేరు. అది ఒక వస్తువు నుంచి వచ్చే కాంతి మొత్తాన్ని నమోదు చేసే విద్య. ఈ పాలిష్‌లో ఉండేవి కంటికి విడిగా ఆనని అల్యూమినియం రేకులు. ఒక్కో రేకు మీద అతి సన్నటి సమాంతరపు గీతలు అచ్చుపడి ఉంటాయి. కాంతి ఆ గీతల మీద పడి రంగులుగా విడిపోతుంది. పాత సీడీని తిప్పి ఎండలో పట్టుకుంటే కనబడే రంగులకి కారణం కూడా ఇదే. సీడీలో గీతకీ గీతకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. మామూలు ముత్యపు మెరుపు పాలిష్‌లో చాలావాటికి ఆ మెరుపు అభ్రకం వల్ల వస్తుంది. (మన గూడూరు అభ్రకం గనుల్లో రేకులు విడదీసిన ఆడవాళ్ళ చేతుల గురించి విడిగా రాయాల్సి ఉంది.) హోలోగ్రాఫిక్ పాలిష్‌లో పనిచేసేది అభ్రకం కాదు, లోహం.

ఈ మెరుపుకి ఒక షరతు ఉంది. నేరుగా పడే వెలుగు కావాలి. మా డిపార్ట్‌మెంటులో ట్యూబులైట్ల కింద నా గోళ్ళు గిన్నెకి వేసిన కళాయిలా బూడిదరంగులో ఉండేవి. సాయంత్రం బస్టాపులో ఎండ ఏటవాలుగా పడగానే ఒక్కో గోటి మీదా ఇంద్రధనుస్సు లేచేది. క్లాసులో ఎవరూ గమనించని చేతిని బస్టాపులో స్కూలు పిల్లలు చుట్టూ చేరి చూసేవాళ్ళు. నాకది బాగా నచ్చింది. నచ్చిందని ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే స్త్రీవాద విమర్శలో అలంకరణ గురించి రాసేటప్పుడు మనం మొదట సంజాయిషీ ఇచ్చుకుని తర్వాత మొదలుపెడుతుంటాం.

ఇక నిలబెట్టే పద్ధతి. గోటిమీది జిడ్డు రిమూవరుతో తుడవాలి. బేస్ కోటు వేసి ఆరనివ్వాలి. రంగు పలచటి పూతలుగా, తక్కువ గీతల్లో వెయ్యాలి. కుంచె పదేపదే లాగితే రేకులు చదునుగా పరుచుకోవు, మెరుపు మసకబారుతుంది. పూతకీ పూతకీ మధ్య ఓపిక పట్టాలి. గోటి చివరి అంచు మీద కూడా కుంచెతో ఒకసారి రాసి మూసెయ్యాలి, పెచ్చు లేవడం మొదలయ్యేది అక్కడే కనుక. చివర టాప్ కోటు. ఇక్కడొక చిక్కు ఉంది. టాప్ కోటులోని ద్రావకం కింద ఉన్న రంగు పూతని కాస్త కరిగిస్తుంది, అప్పుడు సర్దుకుని ఉన్న రేకులు కదులుతాయి. పాలిష్ నిలుస్తుంది, రంగులు తగ్గుతాయి. టాప్ కోటు వెయ్యకపోతే రంగులు అలాగే ఉంటాయి, పాలిష్ ఊడుతుంది. రంగు బాగా ఆరేదాకా ఆగి, టాప్ కోటు ఒక్క పూత, కుంచె గోటికి ఆనీ ఆనకుండా వేస్తే నష్టం తక్కువ. ఇది నిజంగా పనికొచ్చే జ్ఞానం. చేతుల విద్య. దీన్ని పోగుచేసి ఒకరికొకరు చెప్పుకున్న స్త్రీలని నేను తక్కువ చెయ్యను.

నా పేచీ దీని తర్వాత వచ్చే భాగంతో. చేతులు నీళ్ళలో నానబెట్టకండి అంటుంది టెక్స్ట్. కారణం సరైనదే. గోరు నీళ్ళు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. పైనున్న నైట్రోసెల్యులోజ్ పొర అంతగా సాగదు, పగులుతుంది. అందుకని గిన్నెలు కడిగేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, బట్టలకి గ్లోవ్స్ వేసుకోండి, వేడినీళ్ళకి దూరంగా ఉండండి, రెండుమూడు రోజులకొకసారి టాప్ కోటు మళ్ళీ వేసుకోండి. ఈ వరసంతా చదువుతుంటే దీని పాఠకురాలి బొమ్మ మెల్లగా కనబడుతుంది. ఆమె చింతపండు పిసకదు. వెల్లుల్లి గోటితో ఒలవదు. తోటకూర ఈనెలు తియ్యదు. ముఖ్యంగా, ఆమె చేత్తో అన్నం కలుపుకుని తినదు. నా కుడిచేతి గోళ్ళమీది టాప్ కోటు మూడోరోజుకి పసుప్పచ్చగా మారేది, పప్పులోని పసుపుకి. ఎడమచెయ్యి వెండిలా ఉండేది. ఈ సమస్య గురించి నేను చదివిన ఏ సలహాలోనూ ఒక్క వాక్యం లేదు. ఫోర్కుతో తినే చేతిని ప్రామాణికంగా పెట్టుకుని రాసిన శాస్త్రం మన పత్రికల్లోకి అనువాదమై వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి మారలేదు.

లెక్క రాసుకున్నాను. బేస్ కోటు లేకుండా వేసినప్పుడు మర్నాటి సాయంత్రానికి కుడిచేతి బొటనవేలి అంచు లేచింది. అన్ని జాగ్రత్తలతో వేసినప్పుడు కుడిచెయ్యి మూడు రోజులు, ఎడమచెయ్యి ఐదు రోజులు. సెలవుల్లో అమ్మ దగ్గర పది రోజులున్నాను. అప్పుడు తొమ్మిది రోజులు చెక్కుచెదరలేదు. సీసా అదే, కుంచె అదే. ఆ తొమ్మిది రోజులూ అంట్లు, వంట అమ్మ చూసుకుంది. "ఎప్పుడో వస్తావు, కూర్చోవే" అని నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఏ పాలిష్ ఎన్నాళ్ళు నిలుస్తుందని సీసా మీద రాసిన అంకెకి అర్థం నాకప్పుడు బోధపడింది. ఆ అంకె చెయ్యని పనికి కొలత. పని చెయ్యలేదంటే పని లేదని కాదు, మరొకరు చేశారని. ఈ మాట మనం 1980ల నుంచీ ఇంటిచాకిరీ గురించి చెబుతున్నదే. రసాయన సూత్రంలా ఇంత స్పష్టంగా కనబడటం మాత్రం నాకు కొత్త.

గ్లోవ్స్ విషయం. హైదరాబాదులో మా ఇంట్లో, మరో మూడిళ్ళలో అంట్లు తోమే ఆమె గోళ్ళకి రంగు లేని రోజు నేను చూడలేదు. సగం ఊడిన ఎరుపు, ఎప్పుడూ. గ్లోవ్స్ కొనిచ్చాను. రెండు రోజులు వేసుకుని కిటికీలో పెట్టేసింది. "అక్కా, వేసుకుంటలేవేంది?" అంటే, "జారుతున్నయి మేడమ్. గిన్నెకి జిడ్డు పోయిందో లేదో వేళ్ళకి తెలవాలె గదా" అంది. మరి రంగు పోతోంది కదా అన్నాను. "శనివారం రాత్రి పెట్టుకుంటా, ఆదివారం ఉంటది. సోమవారం పోతే పోనీ, మల్ల పెట్టుకుంటా." ఆమె సీసా ఖరీదు నా సీసాలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఎక్కువ రోజులు నిలవాలన్న కోరికే అందరికీ సహజమని అనుకుని రాసిన టెక్స్ట్‌లో ఈ ఆదివారానికి చోటెక్కడుంది? గిన్నె జిడ్డు వేలికొసకి తెలియడం నైపుణ్యం. గ్లోవ్స్ వేసుకోమన్న సలహా ఆ నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మన సాహిత్యంలోకి వెళితే గోరుకి రెండు గతులే కనిపిస్తాయి. ఒకటి పాదనఖం. దేవుడో దేవో రాజో కూర్చుని ఉంటారు, మొక్కేవాళ్ళ కిరీటాల్లోని మణుల కాంతులు ఆ కాలిగోళ్ళలో ప్రతిఫలిస్తాయి. గోళ్ళు అద్దాలవుతాయి, చంద్రులవుతాయి. హోలోగ్రాఫిక్ పాలిష్ వేసుకున్న మొదటిరోజు నాకు ఈ వర్ణనలే గుర్తొచ్చాయి, మెరుపు గోటిది కాదు, పడే వెలుగుది. నాయిక పాదాలకి లత్తుక రాస్తారు. ఈ లత్తుక లక్క నుంచి వచ్చిందే. గోళ్ళరంగుకి ఇంగ్లీషులో ఉన్న లాకర్ అన్న మాటకి మూలం కూడా మన లక్కే. రెండోది నఖక్షతం, అంటే గోరు ఆయుధం కావడం. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'లో ఇళతో కృష్ణుణ్ణి పంపే రాధ, లేత చెక్కిళ్ళ మీద గోళ్ళు నొప్పించేలా తగలనివ్వొద్దని అతనికి నేర్పుతుంది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఈ కావ్యాన్ని అచ్చువేయిస్తే ఎంత గొడవైందో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. గోటి వాడిని స్త్రీ వైపు నుంచి, నొప్పి వైపు నుంచి చూసిన అరుదైన చోటు అది.

మూడో గోరు ఒకటుంది. శూర్పణఖ. చేటల్లాంటి గోళ్ళు గలదని ఆమె పేరుకి అర్థం. ఎన్నోసార్లు విన్న పేరే అయినా ఈ పని మొదలుపెట్టాకే ఆ ఉపమానం దగ్గర ఆగాను. అద్దం కాదు, చంద్రుడు కాదు, మణి కాదు. చేట. ధాన్యం చెరిగే చేట, ఆడవాళ్ళ చేతిలో ఉండే పనిముట్టు. పనిముట్టుతో పోల్చిన గోళ్ళు రాక్షసికి దక్కాయి, అద్దంతో పోల్చినవి దేవతకీ నాయికకీ దక్కాయి. ఇది కేవలం ఆకారంలో పోలిక అని సరిపెట్టుకోవచ్చు. కానీ వికారానికి కొలతగా చేటే ఎందుకు దొరికింది? ఓల్గా 'విముక్త'లో సీతని శూర్పణఖ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఆమె తోట పెంచుతూ కనిపిస్తుంది. మట్టిలో పనిచేసే చేతులు. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన ఈ కథల గురించి సహోదరిత్వం కోణంలో చాలా చర్చ జరిగింది. శూర్పణఖ చేతికి పని ఇవ్వడం, ఆ పనిలోంచే ఆమె సౌందర్యాన్ని మళ్ళీ తెలుసుకోవడం అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

పాదనఖాలు పాత సంగతి అనుకుంటే, 2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీలు హైదరాబాదులో జరిగాయి. ఆ సందర్భంలో పోటీదారుల్ని రామప్ప గుడికి తీసుకెళ్ళారు. వాళ్ళు వరుసగా కూర్చుని ఉంటే కొందరు స్త్రీలు వాళ్ళ పాదాల మీద నీళ్ళు పోసి, తుడిచిన దృశ్యాలు బయటికి వచ్చి దుమారం రేగింది. అతిథి మర్యాద అని సమర్థించినవాళ్ళున్నారు. ఆ దృశ్యంలో రెండు జతల చేతులూ కాళ్ళూ ఉన్నాయి. వర్ణనకి నోచుకునేవి ఒక జతవి మాత్రమే.

పనిముట్టు గోరు ఎలా ఉంటుందో చూడాలంటే కర్నూలు, గద్వాల ప్రాంతాల సీడుపత్తి చేలకి వెళ్ళాలి. పత్తి పువ్వు తనలో తాను ఫలదీకరణ జరుపుకుంటుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడమొక్క మీది మొగ్గలోంచి మగభాగాన్ని ముందే తీసెయ్యాలి. 1970లో గుజరాత్‌లో వచ్చిన హెచ్-4 తర్వాత ఈ పని వ్యాపారమైంది. మర్నాడు విచ్చుకునే మొగ్గని సాయంత్రం పట్టుకుని, బొటనవేలి గోటితో అడుగున గంటు పెట్టి, రేకుల్నీ కేసరాల్నీ కలిపి ఒక్క తిప్పుతో ఊడదీస్తారు. లోపలి కీలం మాత్రం చెక్కుచెదరకూడదు. తెల్లారాక మగపువ్వు పుప్పొడి తెచ్చి దానికి రాస్తారు. దీన్ని క్రాసింగ్ అంటారు. శాస్త్రగ్రంథాల్లో దీని పేరే బొటనవేలి గోటి పద్ధతి. దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం, అంతకుముందూ తర్వాతా ఆయన చేసిన పరిశీలనలు చెప్పిందేమిటంటే, ఈ పనికి ఎక్కువగా పెట్టుకున్నది బడి మానిపించిన ఆడపిల్లల్ని. పెద్దవాళ్ళ కన్నా తక్కువ కూలి, బయానా అప్పు, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసు. ఆడపిల్లల వేళ్ళు సున్నితమని, ఓపికెక్కువని చెప్పే వాదన కూడా అందులో నమోదైంది. నాయిక వేళ్ళకి కవులు వాడిన విశేషణాలే ఇక్కడ కూలి తగ్గించడానికి వాడారు. గోళ్ళు నగలు, పనిముట్లు కావు అన్న మాటని ఆ చేలగట్టు మీద నిలబడి చదవాలి.

అయితే దీన్నుంచి, రంగు వేసుకోవడమే తప్పన్న నిర్ణయానికి నేను రాను. ఆ తోవ మనకి బాగా అలవాటు. నవోమీ వుల్ఫ్ 1990లో 'ది బ్యూటీ మిత్' రాసింది. అంతకు రెండేళ్ళ ముందే సాండ్రా బార్ట్‌కీ, ఫూకో మీద తన వ్యాసంలో, అలంకరణని కాపలావాడు అక్కర్లేని క్రమశిక్షణగా చూపించింది. వాటి బలం వాటికుంది. 1917లో క్యూటెక్స్ ద్రవరూపంలో గోళ్ళరంగు తెచ్చింది (మలయాళీలు ఇప్పటికీ గోళ్ళరంగుని క్యూటెక్స్ అనే అంటారు). 1932లో గోళ్ళరంగుతోనే రెవ్లాన్ పుట్టింది. 1952లో రెవ్లాన్ 'ఫైర్ అండ్ ఐస్' ప్రకటనలో రిచర్డ్ అవెడాన్ తీసిన డోరియన్ లీ ఫోటో పక్కన పదిహేను ప్రశ్నలు వేసి, నువ్వు ఈ రంగుకి తగినదానివేనా అని స్త్రీని పరీక్షకి కూర్చోబెట్టింది. మన లాక్మే పుట్టింది కూడా ఆ 1952లోనే. మార్కెట్ స్త్రీని ఎలా తయారుచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఈ సిద్ధాంతాలు మన చర్చల్లోకి దిగాక అలంకరించుకునే స్త్రీ మీద చూపుడువేలుగా మారిన సందర్భాలున్నాయి. ఒక సదస్సులో భోజనాల దగ్గర ఒక పెద్దాయన నా గోళ్ళు చూసి, "ఏమ్మా, పరిశోధనకి టైముంటోందా?" అని నవ్వారు. పక్కనున్న ప్రొఫెసరుగారి వేళ్ళకున్న నాలుగు ఉంగరాలు ఆయన పరిశోధనకి అడ్డం వచ్చినట్టు ఎవరికీ తోచలేదు. అలంకరణ స్త్రీ మెదడుని తింటుందన్న ఈ నమ్మకం స్త్రీవాదానిది కాదు, దానికన్నా చాలా పాతది.

నేను విమర్శించదలచుకున్నది మెరుపుని కాదు, మన్నిక గురించిన ఆరాటాన్ని. మన్నిక ఎవరి చేతుల మీంచి వస్తుందన్నది ప్రశ్న. 1975లో వియత్నాం నుంచి కాలిఫోర్నియా వచ్చిన శరణార్థి స్త్రీల శిబిరానికి నటి టిప్పీ హెడ్రెన్ తన మేనిక్యూరిస్టుని తీసుకెళ్ళి ఇరవై మందికి ఈ పని నేర్పించింది. అక్కణ్ణించి అమెరికాలో ఈ వృత్తి చాలావరకు వియత్నామీ స్త్రీలదైంది. న్యూయార్కులో కొరియన్ స్త్రీల సెలూన్ల మీద మిలియన్ కాంగ్ 2010లో తెచ్చిన 'ది మేనేజ్డ్ హ్యాండ్' పుస్తకం, ఒక స్త్రీ చేతిని మరో స్త్రీ పట్టుకుని చేసే శ్రమలో శరీరం, మర్యాద, జాతి ఎలా పెనవేసుకున్నాయో వివరంగా చూపిస్తుంది. మనవాళ్ళు తప్పక చదవాల్సిన పుస్తకం. పెచ్చులూడకుండా ఉండటానికి పూతని సాగేలా చేసే రసాయనాల కథ వేరే ఉంది. థాలేట్ల బదులు కొన్ని పాలిష్‌ల్లో ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వచ్చింది. 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది స్త్రీల మూత్రం పరీక్షిస్తే, పాలిష్ వేసుకున్న 10 నుంచి 14 గంటల తర్వాత దాని జాడ దాదాపు ఏడు రెట్లు పెరిగింది. గ్లోవ్స్ తొడిగి, వాటికి అంటించిన ప్లాస్టిక్ గోళ్ళ మీద వేసినప్పుడు అంతగా పెరగలేదు. అంటే వాసన ద్వారా కన్నా గోటి ద్వారా, చర్మం ద్వారా ఎక్కువగా లోపలికి వెళుతోందన్నమాట. వారాల తరబడి నిలిచే జెల్ పాలిష్‌ల్లో వాడే టిపిఓ అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. వారానికొకసారి వేయించుకునే చేతి సంగతి ఇది. రోజంతా వేసే చేతి సంగతి ఆలోచించుకోండి.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గోరింటాకుని గుర్తుచేస్తారు. నిజమే, మన్నికలో దానికి సాటి లేదు. గోరింటలోని రంగు గోటి కెరటిన్‌తో కలిసిపోతుంది. పైన పూత లేదు కాబట్టి పెచ్చు ఊడటమూ లేదు. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు కొన్ని నెలలకి గాని చివరి అంచుకి చేరదు. అంట్లు తోమినా పోదు. కానీ అది అమాయకమైన ఆకేమీ కాదు. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడన్న మాట విననివాళ్ళు మనలో ఎవరున్నారు? పండకపోతే చిన్నబుచ్చుకున్న పిల్లలం మనమే. వితంతువు చేతికి దాన్ని కాకుండా చేసింది కూడా ఈ సంస్కృతే. ముస్లిం స్త్రీల అనుభవంలో ఇంకో కోణం ఉంది. నమాజుకి ముందు చేసే వజూలో నీళ్ళు గోటికి తగలాలి. పాలిష్ పొర అడ్డం, గోరింట అడ్డం కాదు. నెలసరి రోజుల్లో నమాజు ఉండదు కాబట్టి అప్పుడు పాలిష్ వేసుకోవచ్చు. దాంతో గోటి రంగు చూసి ఆమె నెల లెక్క కట్టేవాళ్ళు తయారవుతారు. పాలిష్ ఎన్నాళ్ళు నిలుస్తుందన్న ప్రశ్న ఆమెకి మనకున్న అర్థంలో లేనే లేదు. పూత ఎంత గట్టిదైతే ఆమెకి అంత ఇబ్బంది.

చేత్తో అన్నం తినే, అంట్లు తోముకునే, ఆన్సరు షీట్లు దిద్దే చేతుల కోసం ఎవరైనా సలహాలు రాస్తే ఎలా ఉంటాయి? నా నోటుబుక్కులో ఇప్పటికి ఉన్నవి ఇవి. గోళ్ళు కురచగా కత్తిరించుకోండి. పొడుగు గోరు వంగుతుంది, వంగినచోట పూత పగులుతుంది. రాత్రి అంట్లయ్యాక కనీసం గంట ఆగి మొదలుపెట్టండి, తడి పీల్చిన గోరు మీద ఏదీ పట్టదు. హోలోగ్రాఫిక్ రంగు రెండు పలచటి పూతలు చాలు, అంచు మూసెయ్యండి, మూడో పూతకి ఆశపడొద్దు. పసుపు అంటే బెంగ ఉంటే వెండిరంగు మాని ముదురు నీలమో వంకాయరంగో హోలో కొనుక్కోండి, ఎండలో అవీ అంతే మెరుస్తాయి. టాప్ కోటు మర్నాడు వేసుకున్నా నష్టం లేదు, రేకులు తక్కువ కదులుతాయి. గిన్నె జిడ్డు చేతికి తెలియాలనుకుంటే గ్లోవ్స్ వదిలెయ్యండి, రెండు రోజులు తక్కువ నిలుస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా చేతులుంటే, అంట్లు వాళ్ళని తోమమని కూడా చెప్పొచ్చు. ఇది నేను ప్రయత్నించాను, ఫలితం నాలుగు రోజుల నుంచి ఆరు రోజులకి పెరిగింది. కుడిచేతి బొటనవేలు ఎలాగూ ముందు పోతుంది. దాని అంచున మాత్రం పడుకునే ముందు ఇంకో పూత రాసుకోండి, పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెట్టేసరికి గట్టిపడుతుంది.